పాప్‌కార్న్ బకెట్‌లో రెండు ఓట్లు

అద్దంకి,
జనవరి 4

చెల్లెమ్మ రెబెకాకి,

నేను బాలస్వామిని, నీ అన్నయ్యని. ఉత్తరం కాబట్టి పేరు చెప్పుకోవాలి. ఫోన్లో అయితే అరుపుని బట్టే పోల్చుకునేదానివి. నీకు కాగితం మీద రాసి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ వైభోగం నా కూతురు క్రిస్టీనా వల్ల వచ్చింది. నువ్వు అమెరికాలోని అయోవా నుంచి మీ ఎలక్షన్ల వీడియోలు పెట్టడం, వాటికింద నేను నాలుగు మాటలు అనడం, దానికి నువ్వు బైబిలు వాక్యం చూపించడం, ఇదంతా చూడలేక అది మనిద్దర్నీ కుటుంబం గ్రూపులోంచి తీసేసింది. "ఎలక్షన్లయ్యేదాకా ఉత్తరాలు రాసుకోండి నాన్నా, పోస్టు చేరేలోపు కోపాలు చల్లారతాయి" అంది. గుంటూరులో ఉద్యోగం చేస్తోంది కదా, అన్నీ తెలుసు దానికి.

అసలు సంగతికి వస్తాను. మీ ఓట్లు పంతొమ్మిదినట. మీ రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్షుడి పదవికి ఎవరు నిలబడాలో ముందు మీలో మీరే ఓట్లేసుకుని తేలుస్తారట, దేశంలో అందరికంటే ముందు మీ అయోవావాళ్ళే వేస్తారట. క్రిస్మస్ నాడు మీ ఆయన జీవరత్నం బావ ఫోన్ చేసినప్పుడు చెప్పాడు. మన దగ్గర ఇలాంటి ఏర్పాటు ఉంటే అభ్యర్థి తేలేలోపే సగంమంది పార్టీ మారిపోతారు.

నువ్వేమో ఎవరో మాజీ గవర్నర్ తరఫున తిరుగుతున్నావట. కన్సర్వేటివ్‌ని అంటున్నావట. పన్నులు తగ్గాలి, పద్ధతులు ఉండాలి, పనిచెయ్యనివాడికి ముద్ద పెట్టకూడదు. మీ వదిన పున్నమ్మ విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుంటూరులో నర్సుల సమ్మె నాడు ఎర్రజెండా పట్టుకుని పెద్దమనుషుల రాజ్యం పోవాలని అరిచిన పిల్ల ఎవరమ్మా? నిన్ను స్టేషన్ నుంచి విడిపించుకు రావడానికి నేను సైకిల్ తొక్కుకుంటూ రాలేదా?

పోనీలే. నలభై ఏళ్ళు బూత్ ఏజెంటుగా కూర్చున్నవాణ్ణి, నాలుగు మాటలు చెబుతాను. ఓటర్ల లిస్టు తెచ్చుకో. మనకి వేసేవాడికి టిక్కు పెట్టు, వేయనివాడికి ఇంటూ పెట్టు, ఊగేవాడికి సున్నా చుట్టు. ఆ సున్నాల ఇళ్ళ చుట్టూ తిరుగు. ముసలివాళ్ళని నువ్వే బండిలో తీసుకెళ్ళి దింపు. అన్నిటికంటే ముందు ఎవరిది ఏ కులమో కనుక్కో. అది తెలియకుండా ఎలక్షన్ చెయ్యడం కళ్ళకి గంతలు కట్టుకుని మిరపకాయలు కొయ్యడమే.

ఇక్కడ మిరప కోతలు మొదలయ్యాయి. నల్ల తామర పురుగు తినగా మనకి వదిలిపెట్టింది కోసుకుంటున్నాం.

చలికి చెవులు కప్పుకో, ఓట్లకి మాత్రం తెరిచి పెట్టుకో.
బాలస్వామి


అయోవా,
జనవరి 20

అన్నయ్యకి,

నీ ఉత్తరం పన్నెండున అందింది. నీ సలహాలు మీ బావకి చదివి వినిపించాను. ఎప్పుడూ నీ మాటలకి పడీ పడీ నవ్వే మనిషి, ఈసారి లేచి పొయ్యి మీద టీ చూసుకోవడానికి వెళ్ళాడు.

ఇక్కడ కులాలు లేవని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? మొక్కజొన్న రైతులంతా ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. బాప్టిస్టు చర్చివాళ్ళు ఇంకో బల్ల. కొత్త కాలనీవాళ్ళు వేరే బల్ల. ఎవరి బల్ల పెద్ద ఎటంటే వాళ్ళంతా అటు. అంతకుమించి ఏమీ లేదు.

నిన్న జరిగింది చెబుతాను, నవ్వకు. బడి భోజనాల హాల్లో పెట్టారు. బయట గడ్డకట్టే చలి. యాభై ఎనిమిది మంది వచ్చారు. ఒక్కో అభ్యర్థి తరఫున ఒకరు లేచి మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత తెల్లకాగితం ముక్కలు పంచుతారు. పేరు రాసి మడిచి ఇవ్వాలి. వాటిని సినిమాహాల్లో పాప్‌కార్న్ పోసే ప్లాస్టిక్ బకెట్‌లో వసూలు చేశారు. ప్రపంచంలో పెద్ద పదవికి మొదటి మెట్టు ఇదన్నమాట.

గవర్నర్ తరఫున నేనే మాట్లాడాను. పద్ధతైన మనిషి, ఒక్క పెళ్ళానికి కట్టుబడ్డవాడు, ఆదివారం చర్చి మానడు, అప్పుచేసి గొప్పలకి పోడు అని చెప్పాను. అందరూ తలలూపారు. ఇక అవతలి అభ్యర్థి, రేడియోలో పొద్దున్నే లేచి లోకాన్నంతా తిట్టే ఆయన. ఆయన తరఫున మాట్లాడినవాడు ఒక్క మంచి మాట చెప్పలేదు. "ఈయన అందరికీ బుద్ధి చెబుతాడు" అన్నాడు, అంతే. ఎవరికి బుద్ధి చెబుతాడో అడిగినవాడు లేడు. అందరూ పక్కవాడికనే అనుకున్నట్టున్నారు.

అభ్యర్థి ఏజెంటుగా లెక్కపెట్టే బల్ల దగ్గర నేను నిలబడ్డాను. రేడియో ఆయనకి నలభై ఒకటి. మిగతావాళ్ళకి పదిహేను. గవర్నర్‌కి రెండు.

రెండు, అన్నయ్యా. నాదీ, మీ బావదీ. నాకు మాటిచ్చినవాళ్ళు తొమ్మిది మంది. చర్చిలో ప్రార్థన ముగిశాక నా చేతులు పట్టుకుని మరీ మాటిచ్చారు.

మిగతావాళ్ళ మీద కోపమే వచ్చింది. కానీ ఆ తొమ్మిదిమందిలోనే ఉన్న డోరతీ సంగతి వేరు. ఆమెకి ఎనభై నాలుగేళ్ళు, పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. మేం ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం ఎవరూ పలకరించకపోతే రెండు కోట్లు తెచ్చి మా ఇద్దరికీ తొడిగిన మనిషి. కళ్ళ జబ్బు, చేతులు వణుకు. రోజూ రెండు పూటలా వెళ్ళి ఆమె కళ్ళలో మందు చుక్కలు వేసేది నేనే. నిన్న హాల్లో మీ బావ పక్కనే కూర్చుంది. లెక్క చదివాక నా మొహం చూడకుండా కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. అదే నాకు నిద్రపట్టనివ్వడం లేదు. ఈ ఊళ్ళో నాకు మనిషి అంటూ ఉంటే ఆమే. ఆమె కూడా అబద్ధం చెప్పిందంటే నాకిక్కడ ఎవరూ లేనట్టే.

నీకు తెలిసిన విద్యే కదా, చెప్పు. ఆమె వేసిందా, వెయ్యలేదా?

రెండు ఓట్ల అభ్యర్థికి ఏజెంటు,
రెబెకా


అద్దంకి,
ఫిబ్రవరి 1

రెబెకా,

మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి మీ వదిన నవ్వింది. మూడోసారి ఏజెంటుగా చదివాను.

ముందు ఇక్కడి సంగతి విను. నువ్వు ఎలక్షన్‌లో మాట్లాడావని మన చర్చిలో ఒక్క మాట చెప్పాను. అది పాస్టరు గారి నోటికి చేరేసరికి నువ్వే పోటీ చేస్తున్నావని అయింది. ఆదివారం "అమెరికా అధ్యక్ష పీఠం కొరకు పోరాడుచున్న మన సహోదరి" అని పావుగంట ప్రార్థన చేశాడు. యూత్ వాళ్ళు బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో నీ ఫొటో పాస్‌పోర్టు సైజు, ఫ్లెక్సీ కట్టించినవాళ్ళ ఫొటోలు నిలువెత్తు. మా వార్డు మెంబరు నన్ను పట్టుకుని, గెలిస్తే తన కొడుక్కి వీసా సంగతి చూడమన్నాడు. రెండు ఓట్లే వచ్చాయని చెబితే, రీకౌంటింగ్ అడగమన్నాడు.

ఇక నీ ప్రశ్న. ఇది నాకు చెట్టు చూసి కాయ ఘాటు చెప్పడం లాంటిది. ఒక్కసారి "సరే" అన్నవాడు వేస్తాడు. రెండుసార్లు అన్నవాడు ఆలోచిస్తాడు. చెయ్యి పట్టుకుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, ప్రార్థన చేసి మరీ చెప్పినవాడు చచ్చినా వెయ్యడు. వేసేవాడికి అంత నాటకం ఎందుకు? పైగా లెక్క చదవగానే మొహం చాటేసి వెళ్ళిందన్నావు. బూత్ దగ్గర ఇంతకన్నా గట్టి రుజువు నేను చూడలేదు. కిందటి పంచాయతీ ఎన్నికల్లో మా వీధిలో ముబీన్ ఓటు ఎటు పోయిందో అతని నడక చూసి చెప్పాను. అతనే తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ ముసలమ్మే నిన్ను ముంచింది, రాసిపెట్టుకో. ఇన్నాళ్ళు నీతో కళ్ళలో చుక్కలు వేయించుకుని అవతలివాడి పేరు రాసిందంటే దాన్ని ఏమంటారో నువ్వే చెప్పు. అలాంటివాళ్ళని దూరం పెట్టకపోతే రేపు నిన్ను మరీ చులకన చేస్తారు. మొహమాటపడకు.

మొక్కజొన్న బల్ల, బాప్టిస్టు బల్ల చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ మాకే ఉందనుకున్నాం. మీరు దానికి కుర్చీలు కూడా వేశారు.

బావ ఎలా ఉన్నాడు? అడిగానని చెప్పు. ఎక్కువ చెప్పకు.

కళ్ళం దగ్గర కాయ ఆరబోసి కూర్చుని రాశాను. కాగితం ఘాటు కొడితే తుమ్ము, చిరాకుపడకు.
అన్నయ్య


అయోవా,
ఫిబ్రవరి 12

అన్నయ్యకి,

ఆ ఫ్లెక్సీ వెంటనే పీకించు. నేను రిటైరైన నర్సుని, అధ్యక్ష పీఠం కొరకు పోరాడుచున్న సహోదరిని కాను. ఎవరైనా దాని ఫొటో తీసి ఇక్కడికి పంపితే నేను చర్చికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

రెండో రాష్ట్రం కూడా అయిపోయింది, న్యూ హాంప్‌షైర్. మా గవర్నర్‌కి నాలుగో స్థానం. టీవీలో కనిపించి, తాను అనుకున్నదానికంటే బాగా వచ్చాయని చెప్పాడు. ఆయన అనుకున్నది ఎంతో ఎవరూ అడగలేదు. నేను సోఫాలో కూర్చుని చప్పట్లు కొట్టాను. మీ బావ లేచి గరాజులోకి వెళ్ళాడు. ఈమధ్య ఆ మనిషి గరాజులోనే బతుకుతున్నాడు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. "ఎందుకు రెబెకా, వదిలెయ్యి" అంటాడు అస్తమానం. నా ఓటమి నాకంటే ఆయనకే ఎక్కువ తగిలినట్టుంది.

మా పార్టీకి ఏదో పట్టిందన్నయ్యా. మనం ఏం కాపాడుకోవాలో చెప్పేవాడు అక్కర్లేదు, ఎవణ్ణి కొట్టాలో చెప్పేవాడు కావాలి. నా పక్కింటాయన పూర్తి కన్సర్వేటివ్. సబ్సిడీలన్నీ ఎత్తెయ్యాలంటాడు. మొక్కజొన్న సబ్సిడీ సంగతేంటని అడిగితే, అది సబ్సిడీ కాదు, సంప్రదాయం అన్నాడు. నేను ఎర్రజెండా పట్టిన మాట నిజమే. అప్పుడు జీతం కోసం పట్టాను. ఇప్పుడు పద్ధతి కోసం నిలబడ్డాను. రెండుసార్లూ నాతో నడుస్తామన్నవాళ్ళు వీధి చివర ఆగిపోయారు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ ఉత్తరం అందిన మర్నాడు డోరతీ ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, "రేపట్నుంచి చుక్కలు వెయ్యడానికి ఇంకెవరినైనా చూసుకో. అబద్ధం చెప్పినవాళ్ళ ఇంటికి నేను రాలేను" అన్నాను. నాతో వాదిస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె "సరే రెబెకా" అంది. అంతే. తలుపు కూడా నెమ్మదిగా వేసింది.

చేసింది తప్పు కాదని నాకు తెలుసు. అయినా రోజూ ఆ వేళకి చేతులు కడుక్కుంటున్నాను, అలవాటు చొప్పున.

రెబెకా


అద్దంకి,
ఫిబ్రవరి 24

రెబెకా,

నీ ఉత్తరం చదివి మీ వదిన నన్ను నాలుగు పీకింది. "ఎనభై నాలుగేళ్ళ మనిషి కళ్ళలో మందు మాన్పించావా, నీ ఏజెంటుతనం తగలెయ్య" అంది. అప్పట్నుంచి నాకు ముద్ద పెట్టేటప్పుడు కంచం చప్పుడు చేస్తోంది.

నేను దూరం పెట్టమన్నాను కానీ మందు ఆపమన్నానా? నర్సువి కదా, ఆమాత్రం నీకు తెలియదా అని రాయబోయాను. రాసి కొట్టేశాను. నేనే కదా రాసిపెట్టుకో అన్నది.

నాకు ఒక అనుమానం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను కళ్ళతో చూడకుండా లెక్క చెప్పలేదు, నీ విషయంలో చెప్పాను. నువ్వు లెక్కపెట్టే బల్ల దగ్గరే నిలబడ్డావు. ఆ రెండు చీటీలు చూశావా? నీ చీటీ నీకు తెలుస్తుంది. రెండోది ఎలా ఉంది? రాత ఎలా ఉంది? గుర్తు తెచ్చుకుని రాయి.

కానీ ఒక్క మాట. ఈ సంగతి బావని మాత్రం అడగొద్దు. మగవాళ్ళకి ఈ వయసులో ఆకలి తగ్గుతుంది, గరాజులు ఇష్టమవుతాయి. దానికీ దీనికీ సంబంధం లేదు. అతని మానాన అతన్ని వదిలెయ్యి.

ఫ్లెక్సీ పీకేశారు. నా పరపతి వల్ల కాదు, ఎవరో సినిమా ఫ్లెక్సీ కోసం పీకారు.

మొన్న రాత్రి చినుకులు పడ్డాయి. కాయ మీద పట్టాలు కప్పడానికి పరిగెత్తి కాలు బెణికించుకున్నాను. తాలుకాయ బాగా తేలింది. ఎర్రగా కనిపించిందల్లా మంచి కాయ అనుకుంటాం, ఏరేటప్పుడు తెలుస్తుంది.

నీ ఉత్తరం కోసం చూస్తుంటాను. నిజంగానే చూస్తుంటాను.
బాలస్వామి


అయోవా,
మార్చి 7

అన్నయ్యకి,

బావని అడగొద్దు అన్నావు. కాబట్టి అడిగాను. చిన్నప్పట్నుంచీ నువ్వు ఏ గూట్లో చెయ్యి పెట్టొద్దంటే ఆ గూట్లోనే బెల్లం ఉండేది.

ముందు చీటీ సంగతి. నీ ఉత్తరం చదువుతూ కళ్ళు మూసుకుంటే కనిపించింది. మొదటిది నాది. రెండోది విప్పగానే లెక్కపెట్టే అతను "ఎవరో గతుకుల రోడ్డు మీద బస్సులో కూర్చుని రాసినట్టున్నారు" అని నవ్వాడు. నేనూ నవ్వానన్నయ్యా. అక్షరాలన్నీ వణికి వణికి పక్కకి జారిపోయి ఉన్నాయి. పాతికేళ్ళు ఆసుపత్రిలో అలాంటి సంతకాలు చూసినదాన్ని, ఆ పూట నా కోపం నా కళ్ళు మూసేసింది. మీ బావ రాత అచ్చు వేసినట్టుంటుంది. అది ఆయనది కాదు. డోరతీది.

రాత్రి అన్నం దగ్గర అడిగాను. "మన గవర్నర్‌కి నువ్వు వేశావా?" ఆయన చాలాసేపు పప్పు కలుపుకున్నాడు. తర్వాత చెప్పాడు. క్రిస్మస్ నాడు నువ్వు ఫోన్లో ఏం చెప్పావో మొత్తం చెప్పాడు. "బావా, ఆ ఊళ్ళో మనవాళ్ళు మీరిద్దరే. ఓడేవాడి పక్కన నిలబడితే రేపు మీ గుమ్మం తొక్కేవాడు ఉండడు. చెల్లి మొండిది, దానికి చెప్పకు. నువ్వు మాత్రం గెలిచేవాడికి వెయ్యి." ఇదేనా నువ్వన్నది? ఒక్క అక్షరం పొల్లుపోయిందేమో చెప్పు.

చీటీ రహస్యం కదా, నువ్వెవరికి వేశావో వాళ్ళకి ఎలా తెలుస్తుందని అడిగాను. కంచం తీసుకుని లేచాడు.

ఇంకో తమాషా విను. నిన్న గవర్నర్ విరమించుకున్నాడు. అదేదో గౌరవంగా ఇంటికి పోలేదు. వేదిక ఎక్కి రేడియో ఆయన్ని కౌగిలించుకున్నాడు. "దేశానికి కావలసిన మనిషి ఈయనే" అన్నాడు. రెండు నెలల కింద అదే ఆయన్ని దేశానికి పట్టిన చీడ అన్న నోరు. ఆయన పెళ్ళాం పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. ఈ మనిషి కోసం నేను గడ్డకట్టే చలిలో ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టాను.

నాకు వాళ్ళ మీద కోపం లేదు. గవర్నర్ మీద లేదు, రేడియో మీద లేదు. ఓటు ఎవడికి వేసుకున్నా మీ బావ ఇష్టం. నేను పక్క వీధిలో ఆ ముసలామెని అబద్ధాలకోరు అంటుంటే, చుక్కలు మానేస్తుంటే, ఏడు వారాలు నోరు మూసుకుని నా చేతి అన్నం తిన్నాడు చూడు, దానికి నా కడుపు మండిపోతోంది. ఈ మనిషితోనా నేను ముప్ఫై ఐదేళ్ళు ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడాను?

డోరతీ దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను. మొహం చెల్లడం లేదు.

నువ్వు జవాబు చెప్పాలి. వెటకారం లేకుండా చెప్పాలి.

రెబెకా


అద్దంకి,
మార్చి 19

రెబెకా,

అక్షరం పొల్లుపోలేదు. ఇంకా ఒక మాట తగ్గింది, అది బావ నీకు చెప్పలేకపోయి ఉంటాడు. "పేరు రాసి వెంటనే మడిచెయ్యకు బావా, పక్కవాడికి కనపడేలా ఒక్క క్షణం పట్టుకో" అని నేనే చెప్పాను. ఇక్కడ అలాగే చేస్తాం. వేసింది కనపడకపోతే వేసి ఏం లాభం?

వెటకారం వద్దన్నావు కాబట్టి ఎప్పుడూ చెప్పనిది చెబుతాను. నువ్వు గుంటూరులో నర్సు ట్రైనింగుకి వెళ్ళిన ఏడాది, ఎనభై ఒకటిలో, పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఊరి చివర మన పల్లె నుంచి ఒక మేష్టారు సర్పంచికి నిలబడ్డాడు. నాన్న ఆయనకి ఏజెంటుగా కూర్చున్నాడు, అందరి ముందూ, తెల్లచొక్కా వేసుకుని. మేష్టారు ఓడిపోయాడు. ఆ వేసవిలో గెలిచినవైపు రైతులు మిరప కోతలకి ఊరంతటినీ పిలిచారు, మన ఇంటి ముందు మాత్రం ఎవరూ ఆగలేదు. కొళాయి గొట్టం మన వీధి మొదట్లో ఆపేశారు. నాన్న వినుకొండ వైపు పోయి రాళ్ళు కొట్టాడు. చెబితే చదువు మానేసి వస్తావని అమ్మ నీకు చెప్పనివ్వలేదు. నీకు ఉత్తరాల్లో అంతా క్షేమమని రాసింది నేనే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. నాన్న చేతులు చూశాక ఇక ఓడేవాడి పక్కన కూర్చోకూడదనుకున్నాను. నలభై ఏళ్ళ ఏజెంటునని నీ దగ్గర గొప్ప చెబుతాను కదా, ఆ నలభై ఏళ్ళలో నాలుగు పార్టీలకి కూర్చున్నాను. ఎవడు గెలుస్తాడనిపిస్తే వాడికి. లిస్టు పట్టుకుని జనాన్ని లెక్కగట్టింది వాళ్ళ కోసం కాదు, నేను ఎటు దూకాలో తెలుసుకోవడానికి. పాతికేళ్ళుగా మన ఇంటికి కొళాయి ఉంది. సిగ్గుగానే ఉంది.

నీ విషయంలో భయమేసింది. అంత దూరంలో మీకు ఏమన్నా అయితే నేను సైకిలేసుకుని రాలేను. భయంతో బావకి చెప్పాను. ఆ ముసలమ్మ గురించి మాత్రం భయంతో చెప్పలేదు, గొప్ప కోసం చెప్పాను. అదే నన్ను తినేస్తోంది.

బావది నిజంగానే తప్పు. కానీ నేను నేర్పిన తప్పు. నన్ను తిట్టగా మిగిలిన తిట్లు అతనికి పెట్టు.

ఆమె దగ్గరికి వెళ్ళు. ఈ ఉత్తరం చదవడం అవగానే వెళ్ళు.

తప్పు లెక్క చెప్పిన
నీ అన్న


అయోవా,
మార్చి 30

అన్నయ్యకి,

నీ ఉత్తరం నిలబడే చదివి, అలాగే వెళ్ళాను. నాన్న గురించి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు రాస్తే ఈ కాగితం తడిసిపోతుంది. అమ్మ నాకు చెప్పనివ్వకపోవడం మంచిపని కాదు.

డోరతీ తలుపు తీసి, ఏమీ జరగనట్టు "టీ పెట్టనా" అంది. నేను గుమ్మంలోనే క్షమించమని అడిగాను. చీటీ గురించి చెప్పాను, నేను నవ్విన సంగతి కూడా చెప్పాను. "నా రాతకి నేనే నవ్వుకుంటాను" అంది.

చుక్కలు ఎవరు వేస్తున్నారని అడిగాను. ఎవరూ లేరు. వంటింట్లో నేలమీద వెల్లకిలా పడుకుని తానే వేసుకుంటోందట. సగం చెంపల మీద, సగం చెవుల్లో పడేవని నవ్వుతూ చెప్పింది. పోయిన వారం డాక్టరు చూశాడట. ఎడమ కంట్లో ఒత్తిడి పెరిగి ఒక పక్క చూపు కొంత పోయింది. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు, అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నర్సుని.

"అంత అన్యాయంగా మాట్లాడితే, వేశానని ఒక్క మాట ఎందుకు అనలేదు?" అని అడిగాను. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె కప్పు పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. ఆ రోజు హాల్లో మీ బావ రేడియో ఆయన పేరు రాసి, మడవకుండా, అవతలి పక్కవాడికి కనపడేలా పట్టుకున్నాడట. ఇవతల కూర్చున్న ఈమెకీ కనపడింది. లెక్కలో రెండు అనగానే ఆమెకి తెలిసిపోయింది, ఒకటి నాది, ఒకటి తనది. నా మొహం చూస్తే ఎక్కడ బయటపడుతుందోనని వెళ్ళిపోయింది.

"నేను వేశానని చెబితే నువ్వు ఎవరు వెయ్యలేదా అని ఆలోచిస్తావు. ఆలోచిస్తే నీ ఇల్లు పోతుంది. నాకు పోయేది చుక్కలేగా అనుకున్నాను" అంది.

అన్నయ్యా, రెండు రాష్ట్రాలు, మూడు రాష్ట్రాలు అంటూ పద్ధతైన మనిషి కోసం టీవీలో వెతుక్కున్నాను.

అప్పట్నుంచి రోజూ రెండు పూటలా వెళ్ళి చుక్కలు వేస్తున్నాను. మీ బావకి అంతా చెప్పాను, కంటి సంగతి కూడా.  ఈ పొద్దున ఆలస్యంగా మంచు పడింది. నేను డోరతీ తల పట్టుకుని చుక్కలు వేస్తుంటే బయట పార చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే మీ బావ. ఆమె గుమ్మం ముందు మంచు ఎత్తుతున్నాడు. గ్లవ్స్ కూడా వేసుకోలేదు. అంతా ఎత్తేశాక మెట్ల కింద పార పట్టుకుని నిలబడ్డాడు. తలుపు కొట్టలేదు.

డోరతీ లోపలికి పిలవమంది. కళ్ళు మూసుకునే ఉంది, అయినా రెండుసార్లు చెప్పింది, చలి ఎక్కువగా ఉంది, పిలువు అని.

నేను ఇంకా పిలవలేదు. ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని నీకు ఇది రాస్తున్నాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

రెబెకా